విరిగిన పాల రంగు

2006 ఫిబ్రవరి 12, ఆదివారం

ఎరువుల కొట్టువాళ్లు నాన్నగారికి ఇచ్చిన డైరీ ఇది. ఆయన రాయరు. రాసి దాచుకోవలసినంత తప్పేదీ ఇంతవరకు చేయలేదట. అందుచేత నాకు సంక్రమించింది. ప్రతి పేజీ అడుగున రైతుకొక సలహా ఉంది. నేను రైతును కాను గనక నాకు వర్తించదు.

ఈ రోజు మా ఇంట్లో ఒక చారిత్రక తీర్మానం జరిగింది. హాల్లో నాపరాళ్లు పీకించి టైల్స్ వేయించాలి. పైకి చెప్పే కారణం, రాళ్లు కుంగిపోయాయని. లోపలి కారణం గుడివాడ పెదనాన్న.

పెదనాన్నంటే అమ్మ అక్కగారి భర్త. ఏటా శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణానికి పోతూ, ముందురోజు ఏన్కూరు దగ్గర మా ఊళ్లో దిగుతాడు. పోయినేడు కాళ్లు కడుక్కుని హాల్లో అడుగుపెట్టి, కింద చూసి, “ఏం తమ్ముడూ, ఇంకా అడివిలోనే ఉన్నావా?” అన్నాడు. తాతగారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చి, అడివి అంచున భూములు కొని, బావులు తవ్వించి యాభై ఏళ్లయింది. ఆ యాభై ఏళ్లనీ పెదనాన్న తడి కాలితో తొక్కేశాడు. నాన్నగారు పది నెలలుగా ఆ రాళ్లకేసి చూస్తూ అన్నం తింటున్నారు.

గడువు: ఏప్రిల్ 5. పెదనాన్న దిగే రోజు.

నన్ను టైల్స్ ఇన్‌ఛార్జిగా నియమించారు. డిగ్రీ పాసై రెండేళ్లయి, చెప్పుకోదగ్గ పనేదీ చేయని వాడికి ఇది పెద్ద పదవి. నియామకపు ఉత్తర్వు ఒకే వాక్యం: “ఇదన్నా సక్రమంగా ఏడువు.”

ఫిబ్రవరి 15

ఖమ్మం. వైరా రోడ్డులో టైల్స్ షాపు. నాన్నగారు, అమ్మ, నేను.

నాన్నగారి షరతు ఒకటే. “ముఖం కనపడాలి.”

“ముఖం చూసుకోటానికి బీరువాకి అద్దం ఉందిగా. నడిచే నేల నడవటానికి ఉండాలి. తడికాళ్లతో వస్తే జారకూడదు” అంది అమ్మ.

“జారితే మీ బావగారే జారతాడు. జారనీ.”

షాపు యజమాని ఊళ్లో లేడు. ఆయన మేనకోడలు కూర్చుని ఉంది. పేరు లిఖిత. బీకాం అయిపోయిందట. జడలో పెన్సిల్ గుచ్చుకుని, అవసరమైనప్పుడు తీసి టైల్ పలక మీద కొట్టి చూపిస్తుంది. టంగుమంటే గట్టిదట. డబ్బుమంటే బోలుదట. నాన్నగారు అద్దంలా మెరిసే రెండడుగుల విట్రిఫైడ్ పలక ఎంచారు. పాల రంగు. ఆమె కొట్టింది. టంగుమంది.

తర్వాత ఆమె బాక్సు తిప్పి, అంచున ఏదో నంబరు చూపిస్తూ చాలాసేపు చెప్పింది. ఒకేసారి తీసుకోవడం గురించి అనుకుంటా. నేను మూడుసార్లు తలాడించాను. పెన్సిల్ మళ్లీ జడలోకి వెళ్లింది.

నాన్నగారు, “ఎన్ని కావాలో మేస్త్రీతో కొలిపించుకుని నువ్వే పట్రా” అని బాధ్యత మొత్తం నా మీద పెట్టారు. బరువైన బాధ్యత. మోయగలను.

ఫిబ్రవరి 16

టంగుమంది. ఇంకా వినిపిస్తోంది.

ఫిబ్రవరి 19

మేస్త్రీ వచ్చాడు. వీరన్న, కాలవ అవతల లంబాడీ తండా. ఖమ్మంలో ఒక కంట్రాక్టరు కింద ఎనిమిదేళ్లు టైల్స్ పని చేసి, ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టాడు. మాట తక్కువ. ఆ లోటు తీర్చడానికి భార్య మంగ్లి కూడా పనిలోకి వస్తుంది. సిమెంటు కలపడం, పలకలు అందించడం, మొగుణ్ని తిట్టడం ఆమె పనులు. ఆమె రవిక మీద అరచెయ్యంత జాగాలో ఎన్ని రంగుల దారం ఉందో లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయాను.

వీరన్నకు మా హాలు వట్టి హాలు కాదు. ఊళ్లో రామాలయం పక్కన కల్యాణ మండపం కడుతున్నారు. స్థలమిచ్చిన పద్మావతమ్మగారిదే పెత్తనం. “రామారావు హాలు ఎట్లా వేస్తాడో చూసి, మండపం పని అతనికిద్దాం” అందట ఆవిడ. రామారావంటే మా నాన్నగారు. మండపం దక్కితే సొంతంగా వీరన్నకు అదే మొదటి పెద్ద పని. ఈ సంగతి మంగ్లి చెప్పింది. వీరన్న చెప్పలేదు, చీపురుపుల్లతో నేల మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు.

కొలిచి, “ఇరవై బాక్సులు. ఒక్కసారే తెప్పియ్యిండ్రి చిన్నసారూ” అన్నాడు.

“అవ్ బాబూ, మధ్యల ఆపితే పని చెడతది” అంది మంగ్లి.

తప్పకుండా అన్నాను.

ఫిబ్రవరి 21

ఖమ్మం. నాలుగు బాక్సులు తీసుకున్నాను.

ఎందుకు నాలుగే అంటే, నాణ్యతా పరీక్ష. ఏ శాస్త్రంలోనైనా మొదట నమూనా తీస్తారు. లిఖితతో “ఇంట్లో చోటు లేదండీ” అన్నాను. నాన్నగారితో “స్టాకు విడతలవారీగా వస్తోందిట” అన్నాను. రెండూ అబద్ధాలని చిన్నబుద్ధివాళ్లు అంటారు. ఇవి పరిపాలనా సౌలభ్యం కోసం చేసిన సర్దుబాట్లు.

షాపువాళ్ల ట్రాలీ ఆటో వారానికోసారి మా వైపు వస్తుంది. దేశం సహకరిస్తోంది.

మార్చి 2

ఖమ్మం. నాలుగు బాక్సులు. ఒక చాయ్.

మార్చి 10

ఖమ్మం. మూడు బాక్సులు. రెండు చాయ్‌లు. నంబరు గురించి మళ్లీ ఏదో అంది. ఆమె ‘షేడ్’ అనేటప్పుడు కనుబొమ్మ ఒకటి లేస్తుంది.

ఇంటికొచ్చేసరికి వీరన్న అరుగు మీద ఖాళీగా కూర్చున్నాడు. పలకలు లేక రెండ్రోజుల పని పోయింది. “స్టాకు లేదు వీరన్నా, ఏం చేస్తాం” అన్నాను. వీరన్న తలాడించాడు. మంగ్లి తలాడించలేదు.

మార్చి 18

ఖమ్మం. మూడు బాక్సులు.

“మీ హాలు ఇంకా అవ్వలేదా అండీ? అది ఇల్లా, ప్రాజెక్టా?” అంది లిఖిత.

నవ్వింది. మా మధ్య పరిహాసమాడేంత చనువు ఏర్పడిందని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను.

మార్చి 25

ఖమ్మం. ఆఖరి ఆరు బాక్సులు.

ఈ రోజు ఆమె నవ్వలేదు. బాక్సు తిప్పి, పెన్సిల్‌తో నంబరు మీద కొట్టి, “ఇది వేరే లాటండీ, వేరే తడవ తయారైంది. మీ పాతది అయిపోయింది. రంగు తేడా వస్తుంది. నేను మొదటిరోజే చెప్పాను” అంది.

రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటికెళ్లి నాన్నగారికి జరిగింది చెప్పి, ఇరవై బాక్సులూ కొత్తగా తీసుకోవడం. రెండోది, ఏం కాదులెండి అనడం.

ఏం కాదులెండి అన్నాను.

ఆమె బిల్లు మీద ఎర్ర ఇంకుతో ఏదో రాసి, సంతకం పెట్టమంది. పెట్టాను. నా సంతకం బాగుంటుంది.

పలక నేను కూడా చూశాను. తేడా కంటికి కనిపించదు. మనిషి కంటికి.

మార్చి 27

మనిషి కన్ను అన్నచోట ‘మంగ్లి కన్ను మినహా’ అని చేర్చాలి.

ఉదయం ఆఖరి లాటు బాక్సు విప్పింది. ఒక పలక, పాత లాటుది ఇంకో పలక, రెండూ ఎత్తుకుని వాకిట్లోకి పోయి ఎండకు పక్కపక్కన నిలబెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“ఇది పాల రంగు. ఇది విరిగిన పాల రంగు” అంది.

“ఎండ వల్ల అట్లా కనిపిస్తుంది మంగ్లీ.”

“ఎండ రెంటి మీదా పడ్డది గద బాబూ. దీని మీద ఒక తీరు, దాని మీద ఒక తీరు పడ్తదా?”

వీరన్న వచ్చాడు, వంగి చూశాడు, తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

“పెద్దసారును ఒకపారి అడుగుదమా?”

“నాన్నగారికి ఇవన్నీ ఎందుకు? ఇన్‌ఛార్జి నేను. వేసేయండి. ఆరేసరికి అన్నీ ఒకటే రంగవుతాయి. టైం లేదు.”

“ఆరేదానికి ఇదేమన్న గోడ సున్నమా?” అంది మంగ్లి.

వీరన్న ఆమెను చూపుతోనే ఆపాడు. “సారు జెప్పిండు గదా” అన్నాడు నాతో కాదు, పలకతో.

వేశారు. వంటింటి వైపు నుంచి మొదలుపెట్టారు గనక విరిగిన పాలు వీధి గుమ్మం దగ్గరికి వచ్చాయి. మూడు వరసలు. ఇంట్లోకి ఎవరు కాలు పెట్టినా మొదట తొక్కేది వాటినే.

మార్చి 30

ఉగాది. పంచాంగ శ్రవణంలో నా రాశికి అవమానం ఆరు, రాజపూజ్యం ఒకటి. సిద్ధాంతిగారు చదవడంలో తప్పు చేసి ఉంటారు.

ఏప్రిల్ 1, శనివారం

ఈ తేదీ నేను ఎంచుకున్నది కాదు.

హాలు కడిగే రోజు. మంగ్లి నీళ్లలో యాసిడ్ కలిపి చల్లి, గోనెసంచితో రుద్దింది. అయిదు వారాల సిమెంటు దుమ్ము కొట్టుకుపోయింది. నాన్నగారు కుర్చీ వేసుకుని, పట్టాభిషేకం చూసినట్టు చూస్తున్నారు. వంటింటి వైపు నుంచి నేల మెరుస్తూ వచ్చింది. ఆయన ముఖం నిజంగానే కనపడింది. తర్వాత మెరుపు గుమ్మం దాకా వచ్చేసరికి, ఎవరో తాడు పట్టి గీసినట్టు గీత. ఇవతల పాలు. అవతల విరిగినవి.

నాన్నగారు లేచారు.

“ఏంట్రా వీరన్నా ఇది?”

వీరన్న గీత వైపు చూశాడు.

“నిన్నేరా. రెండు రంగులు కలిపేశావేంటి? కళ్లు పెట్టుకుని వేశావా, మూసుకుని వేశావా? మా తోడల్లుడుగారు నాలుగు రోజుల్లో వస్తున్నారు. ఆయన ముందు నా పరువు తీస్తావా? తండావాళ్లకి రంగులేం తెలుస్తాయని అప్పుడే అన్నారు నలుగురూ. వినలా నేను.”

నేను కిటికీ దగ్గర ఉన్నాను. కిటికీ బాగుంది. టేకు.

“ఏమ్మా, నువ్వన్నా చూళ్లేదా? పలకలు అందించింది నువ్వేగా” అన్నారు మంగ్లితో.

మంగ్లి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో రాయను. తర్వాత నాన్నగారితో అంది: “మాకు కనవళ్లె సారూ.”

కనపడలేదట. ఆమెకు.

“రేపటినుంచి రావద్దు. మండపం సంగతి ఇక మర్చిపోండి” అన్నారు నాన్నగారు.

వీరన్న వంగి, మోకాళ్ల కింద వేసుకునే గోనె ముక్కని మడత పెట్టాడు. చాలా జాగ్రత్తగా మడత పెట్టాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. తాపీ, రసమట్టం, తాళ్ల ఉండ వరండాలోనే ఉండిపోయాయి.

అమ్మ నన్ను అన్నానికి పిలిచింది. తిన్నాను. రెండుసార్లు పప్పు వేయించుకున్నాను.

ఏప్రిల్ 2

నాన్నగారికి చెప్పేద్దామనుకున్నాను. ఆదివారం. ఆయన ఆదివారాలు ప్రశాంతంగా ఉండాలంటారు. పెద్దల మాట గౌరవించాలి.

ఏప్రిల్ 3

చెప్పేద్దామనుకున్నాను. ఆయన బీపీ మాత్ర వేసుకోలేదు.

సాయంత్రం మంగ్లి సామాను కోసం వచ్చింది. వరండాలో నేనొక్కణ్నే ఉన్నాను. ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. అందులో ‘పరిస్థితుల ప్రాబల్యం’ అనే మాట ఉంది.

“మంగ్లీ, ఆ రోజు నువ్వు ఎందుకు చెప్పలేదు? నేను వేసేయమన్నానని చెప్పొచ్చుగా?”

ఆమె రసమట్టం మీద సిమెంటు గోకుతూ, “చెప్తె?” అంది.

“చెప్తే... నిజం తెలిసేది.”

“నిజం తెలిస్తె ఏమైతది బాబూ? మీ నాయిన నిన్ను రెండు తిడతడు. పొద్దుగాలకు మర్చిపోతడు. ‘ఆసామి కొడుకు మీద నింద ఏసింది’ అని ఊరంత మమ్ముల జూస్తది. రేపు వేరే ఇంట్ల ఎవడు పనికి పిలుస్తడు? కండ్లు గుడ్డియి అంటే ఇంకో మేస్త్రీ కింద కూలి దొరుకుతది. నోరు పెద్దది అంటే అదీ దొరకది.”

పరిస్థితుల ప్రాబల్యం అనే మాట నోట్లోనే ఉండిపోయింది. కొంచెం చేదుగా ఉంది.

“మా ఆయన రెండు దినాల నుంచి అన్నం సరిగ తింటలేడు. మండపం పోయిందని గాదు. ‘గా గీత నా చెయ్యి పెట్టిందే గద’ అంటడు” అని, తాపీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 4

చెప్పలేదు.

కారణం రాద్దామని పది నిమిషాలు కూర్చున్నాను. రాలేదు.

ఏప్రిల్ 5, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి.

పదకొండింటికి పెదనాన్న కారు దిగాడు. అంతకు గంట ముందే నాన్నగారు గుమ్మం దగ్గర మూడు వరసల మీద పెళ్లిళ్లలో వాడే పెద్ద జంఖానా పరిపించారు. పెదనాన్న జంఖానా దాటి, మెరుస్తున్న నేల మీదకు వచ్చి, తన ముఖం చూసుకుని, మీసం సర్దుకున్నాడు.

“బాగుంది తమ్ముడూ. మా గుడివాడలో ఇప్పుడు ఇదే వేస్తున్నారు” అన్నాడు. నాన్నగారి జీవితంలో అది అత్యున్నత ఘట్టం. రెండు నిమిషాలు సాగింది.

పద్మావతమ్మగారు వచ్చారు. హాలు చూసి మండపం సంగతి తేల్చుకు పోదామని. డెబ్బై ఏళ్ల మనిషి, కూర్చోకుండానే జంఖానా వైపు చూశారు.

“ఎండాకాలం జంఖానా ఏంటి రామారావూ?” అని చేతికర్రతో అంచు ఎత్తారు. గీత బయటపడింది.

పెదనాన్న వంగి చూసి, “ఓహో. ఇక్కడిదాకా నాగరికత, ఇక్కణ్నుంచి అడివి. హద్దు రాయి లేదేం?” అన్నాడు.

నాన్నగారు చెమట తుడుచుకున్నారు. “మేస్త్రీ ముంచాడు అన్నయ్యా. తండావాడు. రంగు తేడా తెలియదు. తరిమేశాను.”

“అయితే మండపానికి ఇతను వద్దులే. ఖమ్మం వాళ్లనే పిలుద్దాం” అన్నారు పద్మావతమ్మగారు. కర్ర తీసేశారు. జంఖానా మళ్లీ పడింది. అయిపోయింది. ఎనిమిదేళ్ల పని అంత సులువుగా అయిపోతుందని నాకు తెలియదు.

“తప్పు నాది” అన్నాను.

అందరూ చూశారు.

“పలకలు ఒకేసారి తేకుండా అయిదుసార్లు తెచ్చింది నేను. ఆఖరి లాటు రంగు వేరని మంగ్లి ముందే చెప్పింది. ఎండలో పెట్టి మరీ చూపించింది. నేనే వేసేయమన్నాను.”

పెదనాన్న పగలబడి నవ్వాడు. నాన్నగారు కూడా నవ్వారు. నాకిది న్యాయమే. పోయినేడు ఇదే నోటితో, కల్యాణం ముహూర్తం మర్నాటికి మారిందని ఫోన్ చేసి, పెదనాన్నను పాల్వంచ నుంచి వెనక్కి తిప్పించినవాణ్ని. రెండేళ్ల కిందట డిగ్రీ తప్పానని ఏడ్చి, అమ్మచేత కూడా ఏడిపించి, తర్వాత పాసైన మార్కుల కాగితం తీసినవాణ్ని. నా మాటకు మార్కెట్లో ఉన్న విలువ అది.

“వీడికి జాలెక్కువ వదినా. వాళ్ల పని పోయిందని నిందంతా తన మీద వేసుకుంటున్నాడు, ఎదవ” అన్నారు నాన్నగారు, పద్మావతమ్మగారితో. ముచ్చటగా అన్నారు.

“ఒట్టు” అన్నాను.

మరింత నవ్వారు.

హాల్లో ఫోన్‌కి స్పీకర్ బటన్ ఉంది. దొడ్డమ్మ గుడివాడ నుంచి మాట్లాడితే ఇల్లంతా వినాలని కొన్నది. బటన్ నొక్కి షాపు నంబరు కొట్టాను. నాకు ఆ నంబరు నోటికొచ్చని అమ్మ గమనించింది.

“హలో, అనిల్‌కుమార్‌ని మాట్లాడుతున్నానండీ.”

“ఆఁ, చెప్పండి. మళ్లీ ఎన్ని బాక్సులు? ఒకటా, అరా?” లిఖిత గొంతు హాలంతా నిండింది. పెదనాన్న నవ్వు ఆగింది.

“బాక్సులు కాదండీ. లాటు నంబరు గురించి మీరు నాకు చెప్పారా?”

“చెప్పకపోవడమేంటి? మొదటిరోజు మీ నాన్నగారి ఎదురుగానే చెప్పాను. తర్వాత వచ్చినప్పుడల్లా చెప్పాను. ఆఖరిసారి రంగు తేడా అని బిల్లు మీద ఎర్ర ఇంకుతో రాసి సంతకం కూడా పెట్టించాను.”

“నేనేమన్నాను?”

“ఇప్పుడెందుకండీ అది?”

“చెప్పండి, ఫరవాలేదు.”

“ఆఖరిసారి ‘ఏం కాదులెండి’ అన్నారు. అంతకుముందు ‘మీరు చెబుతుంటే వినడానికి బాగుంటుంది’ అన్నారు.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఇంకోటో తెలియలేదు.

“ఇంకొక్కటి. మొదట్లో మీ దగ్గర స్టాకు తక్కువగా ఉందా?”

“నలభై బాక్సులుండె. మీకే ఇంట్లో చోటు లేదన్నారు కదా.”

నాన్నగారు హాలు నాలుగు మూలలూ చూశారు. ఆ హాల్లో మా అక్క పెళ్లికి ముప్పై మంది పడుకున్నారు.

“అనిల్‌గారూ, అక్కడ ఎవరన్నా వింటున్నారా?” అంది లిఖిత గొంతు తగ్గించి.

“అందరూ.”

పెట్టేసింది. ఆ చప్పుడు టంగుమనలేదు. డబ్బుమంది.

బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎర్ర ఇంకు, కింద నా చక్కటి సంతకం. నాన్నగారు చదివారు. కొడతారనుకున్నాను, కొడితే బాగుండేది. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, గేదెల వైపు వెళ్లిపోయారు. ఆయన గేదెల దగ్గరికి వెళ్లి నాలుగేళ్లయింది.

పద్మావతమ్మగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఆ మంగ్లి ఎండలో పెట్టి చూసిందన్నావా?”

“అవునండీ. ఇది పాలు, ఇది విరిగిన పాలు అని.”

ఆవిడ లేచి, జంఖానా పూర్తిగా పక్కకు లాగించి, రెండు రంగుల్నీ చాలాసేపు చూశారు. “నిజమే” అన్నారు. “మండపానికి ఆ కన్నే కావాలి.”

ఏప్రిల్ 6

అందరూ భద్రాచలం వెళ్లారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. టీవీలో తలంబ్రాలు చూశాను. నేను కూర్చున్నది గుమ్మం దగ్గర మూడో వరసలో.

ఏప్రిల్ 9

నాన్నగారు బండి తీసి, “ఎక్కు” అన్నారు. అయిదు రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి మాట.

తండాలో వీరన్న ఇంటి ముందు ఆగాం. కాలవ గట్టు మీద నిలబడి కూలీల్ని కేకేసి పిలవడమే గాని నాన్నగారు ఈ వాకిట్లో ఎప్పుడూ దిగలేదు. మంగ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. ఆయన కూర్చోవాలా వద్దా అని ఒక క్షణం చూసి, కూర్చున్నారు.

క్షమాపణ అనే మాట ఆయన నిఘంటువులో లేదు. కాబట్టి ఇలా జరిగింది:

“వీరన్నా. మండపం పని ఎప్పుడు మొదలెడతావు?”

‘ఏరా’ లేదు. వీరన్న అది విన్నాడు. నేను కూడా విన్నాను.

“జూలూరుపాడుల ఒక బిల్డింగు బాత్రూంల పని ఒప్పుకున్న సారూ. ఇరవై దినాలు. మాట ఇచ్చిన.”

“అది వేరేవాళ్లకి అప్పగించు. మండపం పెద్ద పని.”

“మాట ఇచ్చిన సారూ” అన్నాడు మళ్లీ, అంతే మెల్లగా. నాన్నగారు గొంతు సవరించుకుని, “సరే, ఆగుతాం” అన్నారు. ఆగడం ఆయనకు కొత్త విద్య.

“ఇంకోటి. ముందుగాల మీ హాలు సక్కగ జేసి, తర్వాత మండపం. గా గీత నా పేరు మీద ఉండొద్దు” అన్నాడు వీరన్న.

“అదే రంగు ఇక దొరకదుగా?”

ఈ సాంకేతిక ప్రశ్నకు మంగ్లి జవాబిచ్చింది. “అదే రంగు ఎందుకు సారూ? కొంచెం తేడా ఉంటె తప్పు చేసినట్టు కనపడ్తది. శానా తేడా ఉంటె కావాల్ననే వేసినట్టు కనపడ్తది. చీరకు అంచు లేదా? గుమ్మం కాడ మూడు వరసలు ఇటుక రంగుది, గరుకుది వేద్దాం. అమ్మగారు తడికాళ్లతోటి అక్కడికెల్లే గద వచ్చేది.”

అమ్మ ఫిబ్రవరిలో అడిగింది ఇదే. అప్పుడెవరూ వినలేదు. వినకపోవడం మా ఇంటి వంశపారంపర్య వృత్తి అని తెలుస్తోంది.

“ఆ మూడు వరసలు పీకాలి గదా. దానికెవరు?” అన్నారు నాన్నగారు.

వీరన్న నా వైపు చూడలేదు. “చిన్నసారు ఖాళీగనే ఉంటడు గదా” అన్నాడు.

ఏప్రిల్ 29

పద్మావతమ్మగారి కారులో మంగ్లి ఖమ్మం వెళ్లింది. మండపానికి, మా అంచుకి, ఒకే లాటు, ఒకే లోడు. నన్ను షాపు ఛాయలకు రానివ్వకూడదని షరతు. ఎవరు పెట్టారో అడగలేదు.

తిరిగొచ్చాక ఊరికే, దారి ఎట్లా ఉందని అడిగినట్టు, “షాపులో ఎవరున్నారు?” అన్నాను.

“పెన్సిలు పిల్ల ఉన్నది. నిన్ను అడిగింది.”

“ఏమని?”

“‘ఆయన గూడ వచ్చిండా?’ అని. లేదన్న. అప్పుడు కూసోమని కుర్చీ ఏసింది, చాయ్ తెప్పిచ్చింది. మంచి పిల్ల.”

మే 1, సోమవారం

ఉలి, సుత్తి, ఇరవై నాలుగు పలకలు.

గొప్ప చదువు చదివినవాడికి నేల పీకడం ఎంతసేపు అనుకున్నాను. మధ్యాహ్నానికి అయిదు పీకాను. పీకాను అనడం గౌరవం కోసం. ముక్కలు చేశాను. వాటితోపాటు పక్కనున్న మంచి పలక ఒకటి మూల పగలగొట్టాను. అరచేతుల్లో మూడు బొబ్బలు. నాన్నగారు అటూ ఇటూ నడుస్తూ చూశారు. అమ్మ మజ్జిగ తెచ్చింది. మొదట మంగ్లికి, తర్వాత వీరన్నకు, తర్వాత నాకు ఇచ్చింది.

జూలూరుపాడు పని ముగించుకుని పొద్దునే వచ్చిన వీరన్న నాతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే మంగ్లితో చెబుతాడు. “సుత్తి గట్టిగ కొట్టొద్దని చెప్పు.” ఆమె నాలుగడుగుల దూరంలో ఉన్న నాకు తిరిగి చెబుతుంది. “సుత్తి గట్టిగ కొట్టొద్దంట బాబూ.” నేను “సరేనని చెప్పు” అంటాను. ఆమె చెబుతుంది. రాయబారం ఇట్లా రోజంతా నడిచింది.

సాయంత్రానికి పదకొండు. పన్నెండోది ఎంతకీ కదల్లేదు. ఉలిని నిలువుగా పెట్టి కసిగా సుత్తి ఎత్తాను. వెనకనుంచి వీరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. మంగ్లితో ఏమీ చెప్పలేదు. నాతోనూ చెప్పలేదు. నా చేతి మీద చెయ్యి వేసి, ఉలిని పలక కిందికి కొంచెం వంచాడు. చెయ్యి తీసేశాడు.

మెల్లగా కొట్టాను. పలక ముక్కలవకుండా లేచింది.